పాత కారు ఏల ఆగిపోవును?

పెట్రోలు ద్రవరూపమున మండదు. ఆవిరియై, తన బరువునకు సుమారు 14.7 రెట్లు గాలితో కలిసినపుడే ఇంజనులో చక్కగా మండును. ఒకప్పుడు బొంబాయి టాక్సీగా పేరొందిన ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో ఈ మేళనమును కూర్చునది కార్బ్యురేటరు. దాని ఇరుకు గొంతులో గాలి వేగము హెచ్చి పీడనము తగ్గుటచే, ప్రక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు సన్నని జెట్టు ద్వారా తుంపరలై గాలిలో కలియును.

కారు ఆగినపుడు మొదట అడుగవలసినది, అది ఏ వేళ ఆగినది అని. రహదారిపై చక్కగా పరుగెత్తి, సిగ్నలు వద్ద యాక్సిలరేటరుపై కాలు తీయగానే ఆగినచో, నిలకడ వేళ పెట్రోలు నందించు వెండ్రుకవంటి రంధ్రమున నలుసు పడినదేమో చూడవలెను. మండువేసవిలో ఎత్తైన ఘాటురోడ్డు నెక్కి ఆగినచో కారణము వేరు: ఇంజను వేడికి గొట్టములోని పెట్రోలు మరిగి ఆవిరిబుడగ యగును; ద్రవమును నెట్టుటకై చేయబడిన పంపు ఆ బుడగను అదుముటయే గాని ముందునకు నెట్టజాలదు. అందుచేతనే అనుభవజ్ఞులైన డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ వేసి, నీడన వేచియుందురు. ఇక ట్యాంకు మూత తీయగానే గాలి బుస్సున లోనికి దూరినచో, దోషము మూతలోని గాలిరంధ్రము పూడుటయే!

ఇవేవియు విచారింపక ముందుగా కార్బ్యురేటరును విప్పుట తొందరపాటే. పిల్లలారా, పెద్దలు బానెట్టు ఎత్తినపుడు చూడుడు, ప్రశ్నింపుడు; వేడి ఇంజనును మాత్రము ముట్టకుడు.