'ఓలా' అంటే క్యాబ్ కాదు.. 'గోర్దా' అంటే తిట్టూ కాదు! స్పానిష్ పిలుపుల అసలు అర్థాలివే..

ఓటీటీ సిరీస్‌ల పుణ్యమా అని స్పానిష్ మాటలు మన చెవిన బాగానే పడుతున్నాయి. దాదాపు 20 దేశాల్లో అధికార భాష ఇది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకైతే ఆఫీసులో, షాపులో రోజూ వినిపించే భాష. కానీ ఏ మాట ఎవరితో అనాలో తెలియకపోతే మాత్రం ఇబ్బందే.

పలకరింపు ఇలా..

'ఓలా' అంటే హలో. స్పెల్లింగ్‌లో ముందు హెచ్ ఉన్నా పలకరు. 'కె తాల్?' అంటే ఎలా ఉన్నావ్, ఏంటి సంగతులు అని. మెక్సికోలో కుర్రాళ్లు 'కె ఓందా?' అంటారు. మాటకు మాట అర్థం చూస్తే 'ఏం అల?' అని వస్తుంది. వాడుకలో మాత్రం 'ఏంట్రా విశేషాలు' అన్నట్టే. కోస్టారికాలో 'పురా వీదా' అంటే స్వచ్ఛమైన జీవితం. హలోకీ, బైకీ, థ్యాంక్స్‌కీ అదే మాట!

ఫ్రెండ్‌ని మామా అన్నట్టే..

మనం ఫ్రెండ్‌ని 'మామా' అంటాం కదా.. స్పెయిన్‌లో 'తీయో' అంటారు. దాని అసలు అర్థం మామయ్య, బాబాయ్ అనే! అర్జెంటీనాలో 'చె' అంటే ఒరేయ్, ఇదిగో లాంటి పిలుపు. అక్కడ పుట్టిన ఎర్నెస్టో గువేరా మాటిమాటికీ 'చె' అనేవాడు. అందుకే ఆయనకు చే గువేరా అనే పేరు స్థిరపడింది.

ముద్దు పేర్లు..

'మి అమోర్' అంటే నా ప్రేమ. 'మి వీదా' అంటే నా ప్రాణం, 'మి సియెలో' అంటే నా ఆకాశం. జీవిత భాగస్వామిని 'మేదియా నరాంహా' అంటారు. అంటే సగం నారింజ! ఈ నరాంహాకీ, మన నారింజకీ చుట్టరికం ఉంది. సంస్కృతంలోని నారంగ పర్షియన్, అరబిక్ భాషల మీదుగా స్పెయిన్ చేరిందని భాషావేత్తలు చెబుతారు.

మనం కొడుకుని 'నాన్నా' అని, కూతుర్ని 'అమ్మా' అని పిలిచినట్టే.. ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్‌ లాంటి చోట్ల పిల్లల్ని 'పాపి', 'మామి' అంటారు. ప్రేమికులూ ఇవే వాడతారు. కాబట్టి ముక్కూమొహం తెలియని వాళ్లని ఇలా పిలిస్తే సరసమాడుతున్నారని అనుకోవచ్చు.

ఇక్కడే జాగ్రత్త!

'గోర్దో', 'గోర్దా' అంటే లావుగా ఉన్నవాళ్లు. 'ఫ్లాకో' అంటే బక్కోడు. ఇంట్లో వాళ్లు, ప్రేమికులు ముద్దుగా పిలుచుకుంటారు. మనిషి నిజంగా లావుగా ఉండాలనేం లేదు. మన ఇళ్లలో 'బండోడా' అన్నట్టే. అదే మాట కొత్తవాళ్లని అంటే అవమానమే.

'తె కియేరో', 'తె ఆమో'.. రెండిటినీ ఐ లవ్ యూ అనే అనువదిస్తారు. కానీ మొదటిది అమ్మానాన్నలకి, ఫ్రెండ్స్‌కి కూడా చెప్పొచ్చు. రెండోది ఇంకా గాఢమైనది. తొందరపడి అనేస్తే అవతలివాళ్లు సీరియస్‌గా తీసుకుంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకి 'తు', 'ఉస్తేద్' ఉన్నాయి. పెద్దవాళ్లు, కొత్తవాళ్లు కనిపిస్తే 'ఉస్తేద్' అంటే మర్యాద. వాళ్లే చనువిస్తే అప్పుడు 'తు' అనొచ్చు. ఈ లెక్క తెలుగువాళ్లకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు!