నీటి వెంట నాలుగు దేశాలు – ఐరోపా రైలు యాత్రకు ఒక ఆరోగ్య ప్రణాళిక

ఐరోపా యాత్ర అనగానే మన మధ్యతరగతి కుటుంబాలలో మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని దేశాలు చూపిస్తారు?" అనేది. దేశాల సంఖ్య పెరిగిన కొద్దీ పెట్టిన సొమ్ముకు ఫలితం పెరిగినట్లు భావిస్తాము. గాని యాత్ర చేసేది సొమ్ము కాదు, శరీరం. వేళకు నిద్ర లేక, మలమూత్రాలను బిగబట్టుకొని, కిటికీలో నుండి చూసిన పది దేశాలు ఇంటికి వచ్చిన పది రోజులకే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నడుము నొప్పి మాత్రం మిగిలిపోతుంది.

అతిగా దారి నడవడం, రాత్రి మేల్కొనడం, సహజ వేగాలను అణచుకొనడం – ఈ మూడింటినీ ఆయుర్వేదం వాతప్రకోపానికి కారణాలుగా చెప్పినది. దూరప్రయాణంలో ఈ మూడూ కలిసి వస్తాయి. కావున దేశపటాన్ని చూడడానికి ముందు శరీరాన్ని చూసుకొనవలెను. ప్రయాణించే వారిలో అందరికంటె బలహీనులెవరో, వారి నడకే యాత్రకు నడక కావలెను. నేను, నా భార్య 2024 మే, జూన్ నెలలలో చేసిన రైలు యాత్రకు ఇదే నియమం పెట్టుకొన్నాము. ఆ ప్రణాళికను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

పాదమే ప్రమాణం

నాకు 66 ఏళ్ళు, ఆమెకు 61. ఆమెకు 14 ఏళ్ళుగా మధుమేహం. 2022లో కుడి అరికాలిలో లేచిన చిన్న పొక్కు పుండుగా మారి, మానడానికి నాలుగు నెలలు పట్టినది. మానిన తరువాత కూడ వీధి చివరి గుడికి నడవడానికి జంకేది. పాదాలలో స్పర్శ కొంత తగ్గిందని పరీక్షలలో తేలినది. పిల్లలు ఐరోపా యాత్ర మాట ఎత్తినప్పుడు, "నా కాలు నన్ను ఎక్కడ కూలేస్తుందో తెలియదండీ, మీరు వెళ్ళి రండి" అన్నది. ఆమె లేకుండా వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

మా వైద్యులు పాదాలను పరీక్షించి మూడు షరతులు పెట్టారు. నడక విడతలు విడతలుగా ఉండవలెను. కొత్త చెప్పులు కూడవు. కనీసం నెల రోజులు తొడిగి అలవాటైన మెత్తని బూట్లే వేసుకొనవలెను. మిక్కిలి చల్లని నీటిలోగాని, వేడినీటిలోగాని పాదాలు పెట్టరాదు. మేము తలపెట్టినది నీటి యాత్ర. అందువలన మూడవ షరతు మాకు పరీక్ష వంటిది.

యాత్రకు ఒక దారం

పూలను దండ చేయడానికి దారం ఎలా కావలెనో, ఊళ్ళను యాత్ర చేయడానికి ఒక విషయం అలా కావలెను. సంగీతం, శిల్పం, చరిత్ర – మీ ఇంటికి ఏది దగ్గరైనదో అది. మా ఇంటికి దగ్గరైనది నీటి చికిత్స. పశ్చిమ గోదావరిలో బడిపంతులుగా పనిచేసిన మా నాన్నగారు ప్రతి ఉదయం పెరటిలో రేకుతొట్టి పెట్టుకొని కటిస్నానం చేసేవారు. దానిని "కూనే స్నానం" అనేవారు. కూనే అంటే మనిషి పేరని నాకు చాలాకాలానికి గాని తెలియలేదు.

లూయీ కూనే (1835–1901) జర్మనీలోని లైప్‌జిగ్ నగరవాసి. 1883లో అక్కడ చికిత్సాలయం తెరిచాడు. ఆయన గ్రంథాన్ని 1894లో డి. వేంకటచలపతి శర్మ గారు తెలుగులోనికి అనువదించారు. మన దేశంలో ప్రకృతి చికిత్స తిరిగి తలయెత్తడానికి ఆ తెలుగు అనువాదమే నాంది అని చెప్తారు. కుమారుడు మణిలాల్ విషజ్వరంతో ఉన్నప్పుడు కూనే కటిస్నానాలు చేయించిన సంగతి గాంధీజీ తన ఆత్మకథలో వ్రాశారు. నేడు ఆ జ్వరానికి తగిన మందులున్నవి గనుక వైద్యుని వద్దకే వెళ్ళవలెను. గాని మా పెరటి తొట్టికీ లైప్‌జిగ్‌కూ ఉన్న ఆ సంబంధమే మా యాత్రకు దారమైనది.

ఆరు మజిలీలు, 19 రాత్రులు

జర్మనీలో బాడ్ వోరిషోఫెన్ 4 రాత్రులు, లైప్‌జిగ్ 3. చెక్ దేశంలో ప్రేగ్ 2, యెసెనీక్ 4. ఆస్ట్రియాలో వియన్నా 2. హంగేరీలో బుడాపెస్ట్ 4. ప్రేగ్, వియన్నాలను చూడవలసిన ఊళ్ళుగా గాక, విశ్రాంతి మజిలీలుగానే పెట్టుకొన్నాము. ఈ మొత్తంలో రైలు ఎక్కేది ఆరు రోజులే. రైలు ఎక్కిన మరునాడు మరల రైలు ఎక్కకూడదని, రాత్రి రైళ్ళు వద్దని ముందే నిర్ణయించుకొన్నాము.

ఈ నాలుగూ షెంగెన్ ఒప్పందంలోని దేశాలు గనుక ఒక్క వీసా చాలును. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతామో ఆ దేశానికే దరఖాస్తు చేయవలెను; మాకు అది 7 రాత్రులతో జర్మనీ అయినది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేసుకొనవచ్చును. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మధుమేహం వంటి పాత జబ్బులకు బీమా ఎంతవరకు వర్తిస్తుందో పత్రంలో చదివి చూసుకొనవలెను. సరిహద్దులలో రైలులోనే తనిఖీ జరగవచ్చును గనుక పాస్‌పోర్టు చేతిసంచిలోనే ఉండవలెను. జర్మనీ, ఆస్ట్రియాలలో యూరో, చెక్ దేశంలో కొరునా, హంగేరీలో ఫోరింట్ చెల్లుతాయి.

యూరెయిల్ పాసు 1959లో మొదలైనది. నేడు 33 దేశాలలో చెల్లుతుంది. 60 ఏళ్ళు నిండినవారికి పది శాతం తగ్గింపు కలదు. తేదీలు ఖచ్చితంగా ఉన్నవారికి ముందుగా కొన్న విడి టిక్కెట్లు తరచుగా చౌకగా వస్తాయి. తేదీ మార్చుకొనే వీలు కావలసినవారికి పాసు మేలు. ఆమె పాదం ఏ ఉదయమైనా "నేడు కదలలేను" అనవచ్చును. అందుచేత నెలలో ఏవైనా 7 రోజులు చెల్లే పాసునే తీసుకొన్నాము. పాసు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్లు కాదు. ఫ్రాన్సు, ఇటలీలలోని వేగపు రైళ్ళకు రిజర్వేషన్ తప్పనిసరి. జర్మనీ రైళ్ళలో సాధారణంగా ఐచ్ఛికం. అయినను దూరపు రైళ్ళకు మేము సీట్లు రిజర్వు చేయించుకొన్నాము.

రైలు మారే చోట కనీసం 40 నిమిషాల వ్యవధి ఉంచుకొన్నాము. పెద్ద స్టేషన్లలో ఒక ప్లాట్‌ఫారం నుండి మరొకదానికి చేరడానికే పావుగంట పడుతుంది. బస ఎంచుకొనేటప్పుడు మూడు సంగతులే అడిగాము: స్టేషన్ నుండి ఎంత దూరం, లిఫ్టు ఉన్నదా, వంట చేసుకొనే వీలున్నదా.

నిద్ర, ఆహారం, వేగాలు

నిద్ర: వేసవిలో మధ్య ఐరోపా గడియారం మనకంటె 3½ గంటలు వెనుక. అనగా అక్కడ రాత్రి 10 గంటలంటే మనకు తెల్లవారుజాము 1.30. అలవాటును ఒక్కసారిగా గాక, పాదాంశం చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున మార్చుకొనవలెనని చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఉన్నది. ఆ ప్రకారం బయలుదేరడానికి వారం ముందు నుండి పడుకొనే వేళను కొద్ది కొద్దిగా వెనుకకు జరిపాము. మధుమేహం, రక్తపోటు మాత్రలు, ఇన్సులిన్ వేళలను మాత్రం సొంతంగా మార్చరాదు. వైద్యుని చేత కాగితం మీద వ్రాయించుకొనవలెను.

వేగాలు: అణచరాని వేగాలు పదమూడని అదే అధ్యాయం చెప్తున్నది. మన స్త్రీలు ప్రయాణంలో మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు త్రాగడమే మానుతారు. దానివలన మలబద్ధకం, మూత్రంలో మంట, తలనొప్పి వస్తాయి. ఐరోపాలో స్టేషన్ మరుగుదొడ్డికి తరచుగా డబ్బు చెల్లించవలెను, రైలులో అక్కరలేదు. కావున దిగడానికి పావుగంట ముందే రైలులో వెళ్ళి రావడం, చేతిలో చిల్లర ఉంచుకొనడం – ఇవి చిన్న విషయాలు గాని మేలు చేసేవి.

ఆహారం: బయటి దేశాల నుండి పాల పదార్థాలను, మాంసాన్ని ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోనికి తీసుకొని వెళ్ళరాదు. అనగా నెయ్యి, పాలకోవా, పనికిరావు. పచ్చి కరివేపాకు కూడ కూడదు. మేము వేయించిన పెసరపప్పు, అటుకులు, కరివేపాకు పొడి, శొంఠి, వాము, జీలకర్ర తీసుకొని వెళ్ళాము. బియ్యం, పెరుగు, బంగాళాదుంపలు అంతటా దొరికాయి. జర్మనీ దుకాణాలలో మజ్జిగను పోలినది డబ్బాలలో అమ్ముతారు. జీలకర్ర పొడి, ఉప్పు కలిపితే మన మజ్జిగే. ఆదివారం జర్మనీలో దుకాణాలు దాదాపు అన్నీ మూసివేస్తారు గనుక శనివారమే కొనుక్కొనవలెను. కడుపు ఉబ్బరించినప్పుడు చిటికెడు వాము నమిలి గోరువెచ్చని నీరు త్రాగాము. కొండమార్గంలో వికారానికి శొంఠి పొడి వేసిన వేడినీరు పనిచేసినది.

మందులు: మాత్రలను అసలు అట్టలతోనే, వైద్యుని చీటీతో చేతిసంచిలో పెట్టుకొనవలెను. లోహభస్మాలు కలిసిన మందులను విదేశాలకు తీసుకొని వెళ్ళకపోవడం మంచిది. విమానంలో చేతిసంచిలోని నూనె సీసా 100 మి.లీ. మించరాదు.

నువ్వుల నూనె ఎందుకంటే, ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు పాదాభ్యంగం నా పని. మొదట చేతి అద్దంతో ఆమె అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసేవాణ్ణి. ఎరుపు, పొక్కు, పగులు ఉన్నవేమోనని. తరువాత గోరువెచ్చని నూనె పాదమంతటా పలుచగా రాసేవాణ్ణి. వేళ్ళ సందులలో రాయరాదు, అక్కడ తడి నిలిస్తే మధుమేహం ఉన్నవారికి చేటు. ఆపైన నూలు మేజోళ్ళు తొడిగేవాణ్ణి, జారకుండా.

నీటి ఒడ్డున

బాడ్ వోరిషోఫెన్ మ్యూనిక్‌కు పడమరగా ఉన్న చిన్న ఊరు. సెబాస్టియన్ క్నైప్ (1821–1897) అనే మతగురువు 1855లో అక్కడికి వచ్చి, నీటి చికిత్సతో ఆ ఊరికి పేరు తెచ్చాడు. పార్కులలో పిక్కల లోతు చల్లనీటి తొట్లు ఉంటాయి. కొంగ వలె ఒక్కొక్క కాలును పూర్తిగా పైకెత్తి అందులో నడుస్తారు. నేను నడిచాను. ఆమె ఒడ్డున బల్లపై బూట్లతోనే కూర్చున్నది. గుండెజబ్బు, కాళ్ళలో రక్తప్రసరణ లోపం, మూత్రాశయ వ్యాధులు, మధుమేహం వలన పాదాలలో తిమ్మిరి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఆ నీటిలో దిగరాదు.

ఆ మధ్యాహ్నం అక్కడి కాన్వెంటులోని క్నైప్ ప్రదర్శనశాల చూశాము. ఆయన పద్ధతికి మూలస్తంభాలు ఐదు: నీరు, మూలికలు, వ్యాయామం, ఆహారం, జీవనక్రమం. "ఐదింటిలో నాకు లేనిది ఒక్కటేగా" అన్నది ఆమె. మరునాటి నుండి తోటలో నడక ఆమెయే మొదలుపెట్టినది. ఇరవై నిమిషాల నడక, పది నిమిషాల విశ్రాంతి, మరల ఇరవై నిమిషాలు.

లైప్‌జిగ్‌లో చిన్నతోటల ప్రదర్శనశాలకు వెళ్ళాము. పొగ కమ్మిన పారిశ్రామిక నగరాలలో కుటుంబానికొక తోటముక్క ఇచ్చి ఆరోగ్యం కాపాడవలెనన్న ఉద్యమానికి ఆ నగరమే పుట్టినిల్లు. కూనే నడిచిన వీధులవి అని తలచుకొన్నప్పుడు నాన్నగారి రేకుతొట్టి గుర్తుకు వచ్చినది. అక్కడి నుండి డ్రెస్డెన్ మీదుగా ప్రేగ్ వెళ్ళే రైలు ఎల్బే నదిని ఆనుకొని, ఇసుకరాతి కొండల మధ్య సాగుతుంది. ఆ దారిలో నిద్రపోకుండా కూర్చున్నందుకు ఫలితం దక్కుతుంది.

ప్రేగ్ నుండి ఓలోమౌత్స్‌లో మారి యెసెనీక్ చేరాము. ఊరి పైనున్న గ్రేఫెన్‌బెర్గ్ కొండ మీద విన్సెంట్ ప్రీస్‌నిట్స్ (1799–1851) అనే రైతుబిడ్డ, బండి కింద పడి ప్రక్కటెముకలు విరిగినప్పుడు తడిగుడ్డ పట్టీలతో తనకు తానే చికిత్స చేసుకొన్నాడు. తరువాత అక్కడే నీటి చికిత్సాలయం నెలకొల్పాడు. క్నైప్‌కు, కూనేకు ముందువాడు ఈయనే. అడవి బాటలో రాతితో కట్టిన ఊటలు అడుగడుగునా కనిపిస్తాయి. స్వస్థులైనవారు కృతజ్ఞతగా కట్టించిన స్మారకాలలో హంగేరీ వారి సింహం ఒకటి. ఊట నుండి ఊటకు కూర్చుంటూ లేస్తూ ఆమె ఆ సింహం దాకా నడిచినది. పుండు తరువాత అంత దూరం నడవడం అదే మొదలు. ఆ రాత్రి అద్దంలో పాదం తెల్లగా, శుభ్రంగా ఉన్నది. 2024 సెప్టెంబరు వరదలలో ఆ కొండప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నది గనుక, వెళ్ళదలచినవారు రైలు వేళలను ముందుగా విచారించవలెను.

బుడాపెస్ట్‌లో 1913లో తెరిచిన సేచెన్యి స్నానశాలలో ఆరుబయట వేడినీటిలో కూర్చుండి జనం చదరంగం ఆడుతారు. అక్కడ కూడ ఆమె కాళ్ళు పొడిగానే ఉన్నవి. ఒడ్డున కుర్చీలో కూర్చుండి ఆట చూసినది. నీటిలో దిగకపోయినా నీటి యాత్ర ఆమెదే అయినది.

పాఠకులకు మనవి

యాత్ర తలపెట్టినవారు టిక్కెట్టు కొనడానికి ముందు ఒక కాగితంపై మూడు వాక్యాలు వ్రాసుకొనండి. మనను ఆ దేశాలకు కలిపే దారం ఏది? మనలో బలహీనమైన శరీరం ఎవరిది, దానికి ఏమి కావలెను? ఒక్కొక్క ఊరిలో ఎన్ని రాత్రులు నిద్రపోగలము? ఈ మూడింటికి సమాధానం దొరికితే దేశాల సంఖ్య దానంతటదే తేలుతుంది. అది నాలుగు కావచ్చును, రెండు కావచ్చును. తిరిగి వచ్చిన తరువాత మా వైద్యులు ఆమె పాదాలు పరీక్షించి, నడక కొనసాగించమన్నారు. ఇప్పుడు వీధి చివరి గుడికి ఆమె రోజూ నడిచే వెళ్తున్నది.