గానుగ నిలిస్తేనే మంచినూనె

“మీరు చీటీలో గానుగ నూనె అని వ్రాస్తారు. అది నిజమైనదో కాదో మేము గుర్తించడం ఎలా?” అని నా వద్దకు వచ్చే గృహిణులు తరచుగా అడుగుతుంటారు. చాలాకాలం నేను వాసన, రంగు, రుచి చెప్పి ఊరుకునేవాడిని. అది సగం సమాధానమే అని ఆలస్యంగా గ్రహించాను. మిగిలిన సగం నూనె గురించి కాదు, దానిని ఆడించే మనిషి గురించి. పాఠకులకు ఈ వ్యాసంలో ఆ రెండు సగాలూ విన్నవించుకుంటాను.

మాటలోనే నువ్వు ఉన్నది

సంస్కృతంలో తిలల నుండి వచ్చినది తైలం. తెలుగులో నువ్వుల నెయ్యి నూనె అయింది. ఈనాడు వేరుశనగ నుండి తీసినా, ప్రొద్దుతిరుగుడు నుండి తీసినా నూనె అనే అంటున్నాము కాని, మొదట ఆ పేరు నువ్వులదే. మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెద్దలు నువ్వుల నూనెను మంచినూనె అనేవారు. ఆవకాయ జాడీలో పైకి తేలేది, పండుమిరప కొరివికారాన్ని ఏడాది పాటు నిలిపేది, పసిబిడ్డ ఒంటికి రాసేది, బాలింత గోంగూర జోలికి పోకుండా పొడి అన్నంలో కలుపుకొనేది ఈ మంచినూనెయే.

గురువుగారు నన్ను పంపిన చోటు

నేను 1970 దశకంలో పర్చూరు ప్రాంతంలోని ఒక పల్లెలో గురువుగారి ఇంట ఉండి వైద్యం నేర్చుకున్నాను. అప్పుడది ప్రకాశం జిల్లా. 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. తైలం కాచే రోజుకు ముందు గురువుగారు నా చేతికి నువ్వుల సంచి, రాగిబిందె ఇచ్చి ఊరి చివర గానుగకు పంపేవారు. “ఆడినంతసేపూ అక్కడే కూర్చో. గింజ వేసింది మొదలు నూనె దిగేదాకా కన్ను తిప్పవద్దు” అనేవారు.

గానుగ ఆడించే ఆయనను నేను బాబాయి అని పిలిచేవాడిని. ఆయన గింజలను అరచేతిలో వేసుకొని ఊది, రెండు నమిలి చూసి, “అబ్బాయిగారూ, ఇవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, రెండెండలు పెట్టుకురండి” అని వెనక్కి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన ఒప్పుకోని గింజను గురువుగారు కూడా ఒప్పుకునేవారు కారు. వైద్యశాస్త్రం చదవని ఆ మనిషి మా ఔషధానికి మొదటి పరీక్షాధికారి.

గానుగలో జరిగే పని

గానుగ అంటే పెద్ద రోలు, అందులో ఒరిగి తిరిగే బరువైన రోకలి. చింత, దిరిసెన వంటి గట్టి కలపతో వీటిని చేస్తారు. కొన్ని చోట్ల రోలు రాతిది. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే రోకలి గింజను రోటి గోడకు ఒత్తుతుంది. ఆడించేవాడు నడుమ కొద్దిగా నీళ్లు చిలకరిస్తాడు. పిండి ముద్దకట్టి, నూనె విడివడుతుంది. ఎక్కడ ఎంత నీరు పడాలి, ముద్ద ఎప్పుడు తిరగవేయాలి అన్నది చేతికి తెలిసిన విద్య.

నువ్వులో దాదాపు సగం నూనె ఉంటుంది. గానుగ అందులో అంతా పిండలేదు. 10 కిలోల మంచి గింజకు సుమారు 4 కిలోల నూనె దిగుతుంది. మిగిలిన తెలగపిండిలో ఇంకా కొంత నూనె ఉండిపోతుంది. మర వాని దృష్టిలో ఇది నష్టం. ఇంటి దృష్టిలో కాదు. ఆ పిండి గేదెకు బలమైన దాణా. మునగాకుతో కలిపి వండితే బాలింతకు పాలు పట్టే కూర అని మన పెద్దల నమ్మకం.

పెద్ద మిల్లులో పద్ధతి వేరు. గింజను ఎక్కువ ఒత్తిడితో పిండి, మిగిలిన చెక్కలోని నూనెను హెక్సేన్ అనే ద్రావకంతో లాగి, తరువాత రంగు తీసి, 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టి వాసన పోగొడతారు. ఇలా చేయడాన్ని పూర్తిగా తప్పు పట్టరాదు. మన పత్తి నేలలో పండే పత్తిగింజలో గాసిపాల్ అనే హానికర పదార్థం ఉన్నది. దాని నూనెను శుద్ధి చేయక తినరాదు. నువ్వుకు ఆ అవసరం లేదు. నువ్వులో సహజంగా ఉండే సిసేమోలిన్ వంటి పదార్థాలు నూనె త్వరగా ముక్కిపోకుండా కాపాడతాయి. తనను తాను కాపాడుకొనగల నూనెకు రంగూ వాసనా తీసివేయడం వలన ఇంటికి కలిగే లాభం ఏమీ లేదు.

శాస్త్రం చెప్పినది

తైలాలన్నింటిలో బలానికీ, స్నేహనానికీ తిలతైలం ఉత్తమమని చరకసంహిత సూత్రస్థానంలో చెప్పబడినది. ఇది ఉష్ణవీర్యం, సూక్ష్మ మార్గాలలో ప్రసరించే గుణం కలది. వాతాన్ని అణచుతూ కఫాన్ని పెంచదు. నూనె పట్టిన కుండ, తోలు, బండి ఇరుసు ఎలా గట్టిపడి చిరకాలం నిలుస్తాయో, అభ్యంగం వలన శరీరం అలా నిలుస్తుందని చరకుడు పోల్చాడు. వాతం ప్రకోపించే వర్షాకాలపు ఆరంభంలో స్నేహపానానికి తైలాన్నే విధించాడు.

క్షీరబలా, మహానారాయణ వంటి తైలాలకు మూలద్రవ్యం నువ్వుల నూనెయే. శార్ఙ్గధరుని లెక్క ప్రకారం కల్కం 1 వంతు, తైలం 4 వంతులు, ద్రవం 16 వంతులు వేసి కాచవలెను. పాకం సిద్ధించినపుడు తైలం మీద నురుగు లేస్తుంది. కల్కం వ్రేళ్ల మధ్య వత్తిలా చుట్టుకుంటుంది. మూలద్రవ్యం మంచిది కాకపోతే వేసిన మూలికల శ్రమ అంతా వృథా.

గానుగలు ఎందుకు ఆగిపోయాయి?

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వచ్చింది. మాగాణి పెరిగింది. నల్లరేగడిలో పొగాకు, పత్తి, మిరప ఒకదాని వెంట ఒకటి విస్తరించాయి. తొలకరికి వేసే నువ్వు వెనుకబడింది. రైతును నిందించలేము, ఇంటి ఖర్చుకు నగదు పంట కావలసి వచ్చింది. అదే పత్తి 1987–88లో తెల్లదోమ పాలై, ఈ ప్రాంతపు రైతుల ప్రాణాలే తీసినది కూడా నిజమే.

తరువాత చౌకధరల దుకాణాలలో పామోలిన్ వచ్చింది. దుకాణాలకు ప్యాకెట్ నూనెలు వచ్చాయి. 1998లో ఢిల్లీ ప్రాంతంలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని అనేకులు మరణించగా, విడి నూనె అమ్మకంపై కేంద్రప్రభుత్వం నిబంధనలు విధించింది. ప్రాణరక్షణకు అవి అవసరమే. కాని సీసాలు, ముద్రలు, చీటీల ఖర్చు పెద్ద మిల్లుకు తేలిక; రోజుకు నాలుగు వాయిలు ఆడించుకునే గాండ్ల, తెలికుల కుటుంబాలకు భారం.

నా పొరపాటు

నేను పట్నంలో వైద్యం పెట్టిన తరువాత తీరిక లేక, దుకాణంలో డబ్బా నూనె తెప్పించి తైలాలు కాచేవాడిని. డబ్బా మీద గానుగ నూనె అనే వ్రాసి ఉండేది. ఒకసారి మోకాళ్ల నొప్పులకు తైలం కాస్తుండగా పాకలక్షణాలు సరిగా కనిపించలేదు. వాసన కూడా నువ్వుది కాదు. ఆ తైలమంతా పారబోసి, బిందె పట్టుకొని బాబాయి గానుగకు వెళ్లాను. అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది నేను అక్కడ అడుగు పెట్టి.

గానుగ ఆగి ఏడాది అయిందట. రోలు గోడ ప్రక్కన పడి ఉన్నది. అందులో వాన నీరు నిలిచి ఉన్నది. బాబాయి నన్ను గుర్తుపట్టి మంచం వాల్చి, “అయ్యగారూ, మీ చీటీలు పట్టుకొని చాలామంది ఈ దారినే పోయారు. గానుగ నూనె అని మీరే వ్రాశారు కదా, ఒక్కరైనా ఇటు తిరుగుతారేమోనని చూశాను” అన్నారు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరింత బాధ కలిగింది. వందల చీటీలలో గానుగ అని వ్రాసిన నేను ఒక్కదానిలోనైనా ఆ గానుగ ఎక్కడున్నదో వ్రాయలేదు. నేనే అక్కడ కొనలేదు.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది లెక్క. ఒక కిలో నువ్వుల నూనెకు సుమారు రెండున్నర కిలోల నువ్వులు కావాలి. బజారులో ఆ గింజల ధర ఎంతో అడిగి చూడండి. తెలగపిండి అమ్మితే కొంత తిరిగి వస్తుంది. దానిలో నుండి కూలి, కరెంటు, సీసా పోతాయి. కనుక గింజల ధరకన్నా బాగా తక్కువకు ఎవరైనా గానుగ నూనె ఇస్తుంటే, అందులో నువ్వు కాక మరేదో ఉన్నదని అనుమానించవలెను. ఏ ఇల్లాలైనా వేయగల లెక్క ఇది, వాసనకన్నా నమ్మదగినది.

రెండవది, వీలైతే మన గింజలు మనమే ఇచ్చి, కూలి చెల్లించి ఆడించుకొనుట. ఇప్పుడు ఎద్దు గానుగలు అరుదు. మోటారుతో తిరిగే చెక్క గానుగలు వచ్చాయి. నెమ్మదిగా తిరిగి, నూనె ఎక్కువ వేడెక్కకపోతే వాటికి దోషం లేదు. గింజ శుభ్రంగా, పూర్తిగా ఎండి ఉండవలెను; బూజు వాసన ఉంటే వాడరాదు. సీసాలో అమ్మేవారైతే ఆహార భద్రతా నమోదు సంఖ్య, ఆడించిన తేదీ చూడవలెను. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకంలో అర్హమైన ప్రాజెక్టు ఖర్చుపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఏర్పాటు చేశారు. మీకు తెలిసిన గానుగవారికి ఇటువంటి పథకాల సంగతి చెప్పి, జిల్లా పరిశ్రమల కార్యాలయంలో విచారించమనండి.

వాడుక, నిలువ, జాగ్రత్తలు

నూనెను మూడు నాలుగు రోజులు కదపక ఉంచి, తేరిన తరువాత పొడి జాడీలోగాని, గాజు లేక స్టీలు పాత్రలోగాని పోసి, వెలుతురు తగలని చోట ఉంచవలెను. రెండు మూడు నెలలకు సరిపడినంతే ఆడించుకొనుట మేలు.

వారానికి ఒకటి రెండు సార్లు గోరువెచ్చని నూనె తలకు, పాదాలకు, కీళ్లకు మర్దించి, అరగంట తరువాత స్నానం చేయవచ్చును. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్నపుడు అభ్యంగం పనికిరాదు. ఆహారంలో పెద్దవారికి రోజుకు అన్ని నూనెలూ కలిపి చిన్న చెంచాతో నాలుగైదు మించకుండుట మంచిది. గానుగదైనా, మిల్లుదైనా నూనెలోని కొవ్వు ఒకటే. ఎక్కువ తింటే బరువు పెరుగుతుంది. ఇది మధుమేహానికిగాని, గుండెజబ్బుకుగాని మందు కాదు. వాడుతున్న మందులు మానరాదు. నువ్వు ఉష్ణం, మన మిరపకారం అంతకన్న తీక్ష్ణం. కనుక పిత్తప్రకృతి గలవారు వేసవిలో ఈ రెండింటినీ తగ్గించి మజ్జిగ ఎక్కువగా తీసుకొనవలెను. నువ్వులు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చేవారు దీనిని తాకరాదు.

పదమూడు ఇళ్ల ఏర్పాటు

బాబాయి గానుగ మళ్లీ తిరగలేదు. ఆయన ఇప్పుడు లేరు. కాని ప్రక్క ఊళ్లో ఒక యువకుడు చెక్క గానుగ పెట్టాడని విని, మా వీధిలో పదమూడు ఇళ్లవారం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాము. పంట చేతికి వచ్చినపుడు రైతు వద్దనే నువ్వులు కొని ఎండబెడతాము. రెండు నెలలకొకసారి ఒక ఇంటివారు అందరి గింజలూ తీసుకువెళ్లి, దగ్గరుండి ఆడించుకు వస్తారు. కూలి అప్పటికప్పుడే ఇస్తాము, బేరమాడము. మాకోసం ఆ రైతు అర ఎకరంలో ఏటా నువ్వు వేస్తున్నాడు.

ఇది పెద్ద ఉద్యమమేమీ కాదు. మేము మానివేస్తే ఆ గానుగ కూడా ఆగిపోవచ్చును. అందుకే ఇప్పుడు నేను చీటీలో నూనె పేరు క్రింద ఊరి పేరు, ఆడించే వారం కూడా వ్రాస్తున్నాను. పాఠకులు తమకు దగ్గరలో ఇంకా తిరుగుతున్న గానుగ ఎక్కడున్నదో విచారించి, ఈసారి ఆవకాయ నూనెనైనా అక్కడ ఆడించుకొనవలసినదిగా కోరుతున్నాను. గింజలు పోసిన తరువాత వెంటనే లేచి రాకండి. నూనె దిగేదాకా కూర్చుని, ఆయన చెప్పేది వినండి.