సొంత ఇల్లు: పునాదికి ముందు తేల్చుకోవలసినవి

నిరుడు షాబాన్ మాసంలో, జుహర్ నమాజు తరువాత, ఒక తాపీ మేస్త్రీ మా మద్రసాకు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మా మండలంలో ఇతరుల ఇళ్ళు కడుతున్న మనిషి. తాను మాత్రం అద్దె ఇంట్లోనే ఉంటున్నాడు. "హజ్రత్, బ్యాంకులో వడ్డీకి అప్పు తీసుకుని ఇల్లు కట్టుకోవచ్చా? మా పిల్లల కోసం ఒక్కసారి తీసుకుంటే పాపమా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. నెలకు ముగ్గురు నలుగురైనా ఇదే అడుగుతారు. అయితే ముప్పై ఏళ్ళ అనుభవంలో మేము నేర్చుకున్నది ఒకటున్నది. అప్పు గురించి అడిగినవారికి వెంటనే అప్పు గురించి చెప్పకూడదు. అందుకే మేము, "నాయనా, మీ నాన్నగారి స్థలం ఏమైంది?" అని ఎదురు ప్రశ్న వేశాము. అతడు కొంతసేపు మౌనంగా ఉన్నాడు.

తండ్రి మరణించి తొమ్మిదేళ్ళయింది. ఆయన వదిలిపెట్టినది 160 గజాల స్థలం, అందులో ఒక పాత పెంకుటిల్లు. తల్లి, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె వారసులు. పంపకం జరగలేదు. తమ్ముడు, తల్లి పెంకుటింట్లో ఉంటున్నారు. కాగితాలన్నీ ఇంకా మరణించిన తండ్రి పేరుననే ఉన్నాయి. ప్రభుత్వ గృహ పథకానికి దరఖాస్తు చేస్తే, స్థలం ఎవరిదని అధికారులు అడిగారు. చెప్పడానికి అతని దగ్గర సమాధానం లేదు. అక్కడ ఆగిపోయిన మనిషి బ్యాంకు వైపు చూడటం మొదలుపెట్టాడు.

పంచని ఆస్తి

మన సమాజంలో ఇల్లు లేని పేదలు అనేకులు నిజానికి స్థలం లేనివారు కారు. తాతనాటి ఇల్లో, తండ్రినాటి ఖాళీ జాగానో ఎక్కడో ఉంటుంది. దానికి ఆరుగురు, పదిమంది హక్కుదారులుంటారు. ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియదు, అడిగితే మనసులు నొచ్చుకుంటాయని అడగరు. ఒక తరం గడిచేసరికి హక్కుదారులు ఇరవైమంది అవుతారు, అప్పుడిక ఏ వకీలూ తేల్చలేడు. దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో వారసుల వాటాలను భిన్నాలతో సహా నిర్ణయించి ఇచ్చింది. నమాజు రకాతుల సంఖ్యను సైతం దివ్యఖుర్ఆన్ అంత వివరంగా చెప్పలేదని మేము విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు గుర్తుచేస్తుంటాము. అంత స్పష్టంగా వచ్చిన ఆజ్ఞను మనం ఎంత తేలికగా పక్కన పెట్టామో!

ఆ రోజు మేము పలక మీద లెక్క వేసి చూపించాము. భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినది కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున. మొత్తాన్ని 40 భాగాలు చేస్తే తల్లికి 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7 వస్తాయి. 160 గజాలలో తల్లికి 20, మేస్త్రీకి 56, తమ్మునికి 56, చెల్లెలికి 28. మేస్త్రీ వేళ్ళ మీద మళ్ళీ లెక్క వేసుకున్నాడు. 56 గజాలంటే 504 చదరపు అడుగులు. గోడ ఎక్కడ వస్తుందో, మెట్లు ఎక్కడ పెట్టాలో అతని ముఖంలోనే కనిపించింది. ఇళ్ళు కట్టేవాడు కదా!

చిక్కు చెల్లెలి వాటా దగ్గర వచ్చింది. "చెల్లెలికి పెళ్ళి ఖర్చు మేమే పెట్టుకున్నాం హజ్రత్. హక్కు వదులుకుంటున్నానని సంతకం పెట్టేస్తుంది, కాదనదు" అన్నాడు.

కాదనదు. మేమూ ఒప్పుకుంటాము. పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో మన ఆడపిల్లలు ఏ కాగితం మీదనైనా సంతకం పెడతారు. పెళ్ళి ఖర్చు అన్నలు ప్రేమతో చేసినదైతే అది కానుక, దానిని వారసత్వంలో మినహాయించుకునే అధికారం వారికి లేదు. ఈ మాట చెప్పినప్పుడు అతనికి కోపం వచ్చిందని గ్రహించాము. రెండు వారాలు మళ్ళీ కనిపించలేదు.

తిరిగి వచ్చినప్పుడు తమ్ముణ్ణి, చెల్లెలిని, ఆమె భర్తను వెంటబెట్టుకుని వచ్చాడు. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. చెల్లెలు తన 28 గజాలను ఇద్దరన్నలకు అమ్మింది. అక్కడి ధర గజానికి 6,000 రూపాయలని అందరూ ఒప్పుకున్నారు. మొత్తం 1,68,000. నెలకు 3,500 చొప్పున 48 వాయిదాలు, అన్నకు, తమ్మునికి చెరి 1,750. ధర మొదటే తేలిపోయింది, ఆలస్యమైతే పెరగదు. వాయిదాల మీద అమ్మకం షరీఅత్‌లో ధర్మసమ్మతమే. ధర ఒక్కటిగా ఖరారు కావాలి, ఆలస్యానికి అదనం ఉండకూడదు. దివ్యఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు అప్పును కాగితం మీద రాసుకోవడం గురించినదేనన్న సంగతి ఆనాడు అందరికీ గుర్తుచేశాము. ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, పంపకం దస్తావేజును రిజిస్ట్రేషన్ చేయించారు. కుటుంబ సభ్యుల మధ్య పంపకానికి స్టాంపు రుసుము మామూలు విక్రయానికంటే చాలా తక్కువ. నోటి పంపకం షరీఅత్ దృష్టిలో చెల్లినా, రేపు పథకానికి దరఖాస్తు చేసినప్పుడు అడిగేది కాగితమే.

కాగితం మాట వచ్చింది కనుక మా అజ్ఞానాన్ని కూడా దాచుకోము. ఇరవై ఏడేళ్ళ క్రితం మేము నగర శివార్లలో 80 గజాల జాగా నోటరీ కాగితం మీద కొన్నాము. అమ్మినవాడు ఐదు పూటలా మొదటి వరుసలో నిలబడేవాడు, అదే మాకు సరిపోయింది. అదే జాగాను అతడు మరో ఇద్దరికి అమ్మాడని, అసలు అది వక్ఫ్ భూమి అని తరువాత తెలిసింది. వంద రూపాయలు, అంతకుమించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నది. నోటరీ ముద్ర సంతకాన్ని ధ్రువపరుస్తుంది, హక్కును బదిలీ చేయదు. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనడం కూడా ఇలాంటిదే, 1977 చట్టం ఆ అమ్మకాన్ని నిషేధించింది. ఈసీ తీయించకుండా, లింకు దస్తావేజులు చూడకుండా బయానా ఇవ్వవద్దని పాఠక సోదర సోదరీమణులకు మా విన్నపం. పోయిన డబ్బు ఇంట్లోవాళ్ళ నగలు అమ్మినది.

బేస్‌మెంట్ ముందు లక్ష

స్థలం తేలిన తరువాత దారి సగం తెరుచుకుంటుంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద సొంత స్థలం ఉన్న పేదకుటుంబానికి ఇంటి నిర్మాణానికి 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా ఇస్తున్నారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600కు మించకుండా ఉండాలి. మంజూరు ఇంటి ఇల్లాలి పేరున ఉంటుంది. పట్టణాలలో కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆరంభించిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండవ దశలో కూడా, సొంత జాగాలో కట్టుకునేవారికి సాయం చేసే విభాగం ఉన్నది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు దీనికి అర్హులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళ స్థలాల పంపిణీ పల్లెలలో మూడు సెంట్లు, పట్టణాలలో రెండు సెంట్లు చొప్పున చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఇవన్నీ దానాలు కావు, అర్హులకు చెందవలసిన ప్రజాధనం. అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు. దళారీకి డబ్బిచ్చి తెచ్చుకోవలసిన పని అసలే లేదు.

కాని ఇక్కడొక చిక్కు ఉన్నది, దానిని బయటివారు గమనించరు. పథకం డబ్బు పని జరిగిన తరువాత వస్తుంది. బేస్‌మెంట్ పూర్తయి, ఫొటో తీసి, యాప్‌లో నమోదైన పిమ్మట మొదటి లక్ష ఖాతాలో పడుతుంది. బేస్‌మెంట్ వేయడానికి కావలసిన రాయి, ఇసుక, సిమెంటు, ఇనుము మాత్రం ముందే కొనాలి. కూలివాని ఇంట్లో లక్ష రూపాయలు ఎక్కడుంటాయి? ఐదు లక్షలు మంజూరైన మనిషి ఆ మొదటి లక్ష కోసం నూటికి మూడు, నాలుగు రూపాయల నెలవడ్డీకి ఫైనాన్సు వారి దగ్గరకు వెళతాడు. మా మండలంలోనే మంజూరు పత్రం చేతిలో ఉండి గుంత కూడా తీయని వారిని చూశాము.

ఈ ఖాళీని పూడ్చడం మసీదు స్తోమతకు మించిన పని కాదు. మా మసీదు కమిటీ వారు వ్యాపారుల నుంచి వడ్డీలేని అప్పుగా మూడు లక్షలు సేకరించారు. ఒక్కో కుటుంబానికి ఒక లక్ష వంతున ముగ్గురికి ఇచ్చారు. ప్రభుత్వ విడత ఖాతాలో పడగానే ఆ లక్ష తిరిగి రావాలి, మళ్ళీ మరొకరికి వెళ్ళాలి. ఇద్దరు మూడు నెలలలోనే తిరిగి ఇచ్చారు. మూడవ వ్యక్తి ఆ డబ్బుతో కుమార్తె ఆసుపత్రి ఖర్చు తీర్చాడు, ఇంకా బాకీ ఉన్నాడు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమన్నది దైవాజ్ఞ కనుక కమిటీ వేచి ఉన్నది. నష్టం రాదని మేము ఎవరికీ హామీ ఇవ్వము.

ఈ నిధిలో జకాత్ కలపరాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును హక్కుదారుని చేతికి పూర్తిగా, అతని సొంతం చేస్తూ ఇవ్వాలి. అప్పుగా ఇచ్చి వెనక్కి తీసుకుంటే జకాత్ నెరవేరదు. అర్హుడైన పేదవానికి నేరుగా జకాత్ ఇచ్చి, అతడు దానితో ఇటుకలు కొనుక్కుంటే సంపూర్ణంగా చెల్లుతుంది. అలాగే మీరు నివసించడానికి కొన్న స్థలం మీద జకాత్ లేదు, లాభానికి అమ్మడానికి కొన్న దానిపై ఉన్నది. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేంత స్థాయికి నిధి పెరిగితే, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయించి, సభ్యుల మధ్యనే నడపాలి. నియంత్రణ లేని డిపాజిట్లను 2019 చట్టం నిషేధించింది. 'హలాల్ లాభం' అన్న మాటతో వేలాది కుటుంబాల సొమ్ము ఆవిరైన సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

నెలవారీ కమిటీలు కూడా మన ఆడవారికి చిరపరిచితమే. పన్నెండుమంది సమానంగా వేసి, వంతులవారీగా సమాన మొత్తం తీసుకుంటే దోషం లేదు. వేలం పాడి, ముందు కావలసినవాడు తక్కువ తీసుకునే చిట్టీ వేరు, అందులో వడ్డీ దాగి ఉన్నది.

గల్ఫ్‌లో ఉన్న అన్నతో భాగస్వామ్యం

ఇక స్థలమే లేనివారి సంగతి. వారిలో అనేకులకు దుబాయిలోనో జిద్దాలోనో సంపాదిస్తున్న ఒక బంధువు ఉంటాడు. అతడు డబ్బు అప్పుగా ఇవ్వడానికి భయపడతాడు, దానంగా ఇవ్వడానికి మనసు రాదు. వీరికి ముషారకా ముతనాఖిసా, అంటే క్రమంగా తరిగే భాగస్వామ్యం, తగిన దారి.

12 లక్షల ఇల్లు అనుకోండి. మీరు 4 లక్షలు, బంధువు 8 లక్షలు పెట్టారు. ఇంటి అద్దె నెలకు 6,000 అయితే అతని వాటా మూడింట రెండు వంతులు గనుక మీరు 4,000 అద్దె చెల్లిస్తారు. ఏటా 80,000 ఇచ్చి అతని వాటాలో పదవ వంతు కొంటారు. రెండవ ఏడు అద్దె 3,600, తరువాత 3,200, చివరి ఏడు 400. పదేళ్ళకు ఇల్లు మీదవుతుంది. అతనికి పెట్టుబడి తిరిగి రావడంతో పాటు 2,64,000 అద్దె ముడుతుంది. ఇది వడ్డీకి మారుపేరు కదా అని అడిగేవారున్నారు. తేడా ఎక్కడంటే, పైకప్పు కూలితే బాగుచేసే ఖర్చులో అతని వాటా అతడే భరించాలి. వడ్డీ ఇచ్చినవాడు ఏ ఇంటి కప్పునూ భరించడు.

బ్రిటన్‌లో ఇటువంటి కొనుగోలుకు రెండుసార్లు స్టాంపు రుసుము పడే చిక్కును 2003లో చట్టం ద్వారా తొలగించారు. మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. కనుక ఏటా వాటా రిజిస్ట్రేషన్ చేయించడం పేదవానికి భారం. మొదటే ఇద్దరి పేర్లతో వాటాలు చూపిస్తూ రిజిస్ట్రేషన్ చేయించి, చెల్లింపుల లెక్కను ఒప్పందంగా రాసుకుని, చివర ఒక్కసారి బదిలీ చేయించుకోవడం మేలు. మధ్యలో ఎవరైనా మరణిస్తే వారసులకు ఆ కాగితమే ఆధారం.

అపార్టుమెంటు కొనదలచినవారికి రెండు మాటలు చాలు. 500 చదరపు మీటర్లకు లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించిన నిర్మాణం రెరాలో నమోదు కాకుండా అమ్మకానికి పెట్టరాదు. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోరాదు. 'ప్రీలాంచ్' పేరిట సగం ధర ముందే అడిగేవాని వైపు వెళ్ళకండి.

మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్నకు కూడా మేము సమాధానం చెప్పాము. ఆవాస్ యోజనలో ప్రభుత్వం వడ్డీలో కొంత భాగం భరించినంత మాత్రాన ఆ అప్పు వడ్డీలేనిది కాదు. తప్పనిసరి అవసరం విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఎవరి పరిస్థితి వారు ముఫ్తీకి విన్నవించుకోవాలి. అయితే తండ్రి స్థలం పంచకుండా వదిలేసినవాడు తప్పనిసరి స్థితిలో ఉన్నాడని మేము అనుకోము.

పంపకం తరువాత అతని వాటా 70 గజాలైంది. మసీదు నిధి నుంచి లక్ష తీసుకుని, పగలు ఇతరుల ఇళ్ళకు, సాయంత్రాలు తన ఇంటికి పనిచేసుకున్నాడు. మంజూరు భార్య పేరున వచ్చింది, స్థలం అతనిది. ఏ వాటా ఎవరిదో ఇప్పుడే రాసి ఉంచమని ఇద్దరికీ చెప్పాము, రేపు పిల్లలు కొట్టుకోకుండా. స్లాబు వేసిన రోజు చెల్లెలు పిల్లలతో వచ్చి, తెల్లవార్లూ కూలీలకు చాయ్ కాచి ఇచ్చింది.

ఇంటికి తలుపులు ఇంకా బిగించలేదు. చెల్లెలి వాయిదాలు పదిహేడు తీరాయి, ముప్పై ఒకటి మిగిలి ఉన్నాయి.