బాగుచేయించిన ఆయిల్ ఇంజను స్టార్టు కాకున్నచో

పైరుకు నీరు పెట్టవలసిన అదనులో, వేల రూపాయలు ఖర్చుచేసి రింగులు, లైనరు మార్పించిన ఆయిల్ ఇంజను ఎంత త్రిప్పినను స్టార్టు కాకున్న రైతు పడు ఆందోళన ఇంతా అంతా కాదు. అట్టి సమయమున తొందరపడి హెడ్డు మరల విప్పించుట తగదు. ముందు పైనుండియే వరుసగా పరీక్షించవలెను.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను మొదలు నేటి వరకు సూత్రము ఒక్కటే. పిస్టన్ అదుమగా సిలిండరులోని గాలి మిక్కిలి వేడెక్కును. ఆ వేడికే, తుంపరగా పడిన నూనె అంటుకొనును. కనుక చూడవలసినవి మూడు: నూనె చేరుచున్నదా? గాలి అదుము నిలుచుచున్నదా? నూనె సరియైన వేళకు పడుచున్నదా?

మొదట పొగను చూడుడు. త్రిప్పునపుడు సైలెన్సరు నుండి పొగ ఏమాత్రము రానిచో నూనె చేరుటలేదని గ్రహించవలెను. తెల్లని పొగ వచ్చుచున్నచో నూనె చేరుచున్నది గాని అంటుకొనుటలేదు.

నూనె చేరనిచో: గొట్టములు విప్పి బిగించినపుడు వాటిలో గాలి నిలుచుట సహజము. ట్యాంకు కుళాయి తెరచి, ఫిల్టరు మీది గాలి స్క్రూను వదులుచేసి, బుడగలు లేని నూనె వచ్చిన పిదప బిగించుడు. తరువాత పంపు వద్ద, చివరకు ఇంజెక్టరు గొట్టపు నట్టు వద్ద ఇటులనే చేయవలెను. నాజిలు చిమ్ము నూనెకు చేయి అడ్డుపెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిపోటంత ఉన్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అదుము నిలువనిచో: నూనె ఆపి, డీకంప్రెషన్ లీవరును వదలి, ఫ్లైవీలును మెల్లగా త్రిప్పుడు. అది స్ప్రింగువలె ఎదురు నెట్టవలెను. అటుల కాక తేలికగా తిరిగినచో ముందు ట్యాపెట్ల సందును కంపెనీ పుస్తకములో చెప్పినంత ఉంచుడు. సందు లేనిచో వాల్వు పూర్తిగా మూసుకొనదు. పిమ్మట చెవియొగ్గి వినుడు. 'బుస్'మను చప్పుడు గాలి ఫిల్టరులో వినిపించిన లోనికి గాలి పీల్చు వాల్వు, సైలెన్సరులో వినిపించిన పొగ వాల్వు, క్రాంకు పెట్టెలో వినిపించిన రింగులు కారణమని తెలియును. చల్లబరచు నీటిలో బుడగలు లేచిన హెడ్డు గాస్కెట్టును అనుమానించవలెను.

వేళ తప్పినచో: పళ్లచక్రముల మీది గుర్తులు ఒకదానికొకటి కలియవలెను. ఒక్క పన్ను తప్పినను వేళ చెడును. పంపు క్రింది పలుచని రేకులు విప్పినపుడు ఎన్ని ఉన్నవో బిగించునపుడును అన్నియే ఉండవలెను. అవి తగ్గిన నూనె ముందుగా పడి హ్యాండిల్ ఎదురు తన్నును. హెచ్చిన నూనె ఆలస్యముగా పడును. కావున హ్యాండిల్ పట్టునపుడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచవలెను. ఇంజను మొండికెత్తినదని గాలిదారిలో పెట్రోలు పోయుట ప్రాణాపాయము.

ఇన్ని చూచినను ఫలితము లేనిచో మెకానిక్కును పిలువుడు. పొగ ఎట్లున్నది, చప్పుడు ఎచట వచ్చినది వ్రాసియుంచి అతనికి చెప్పుడు. ఏ భాగము విప్పవలెనో అతనికి తెలియును. ఖర్చు తగ్గును, పైరుకు నీరు వేళకు అందును.