పరిశ్రమల స్థల నిర్ణయంలో కార్మిక చట్టాల పాత్ర

కార్మిక వ్యవహారాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ కూడా శాసనాలు చేయదగిన అంశాల పట్టికలో ఉన్నాయి. అందువల్ల 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దేశమంతటికీ ఒకటే అయినా, రాష్ట్రాల సవరణలతో దాని పట్టు ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటూ వచ్చింది. అందులో యాజమాన్యాలకు ఎన్నడూ మింగుడుపడనిది 1976లో చేర్చిన ఐదు-బి అధ్యాయం. మొదట 300 మంది, 1982 సవరణతో 100 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ సైతం మనుషులను తొలగించాలన్నా, మూతపడాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలని అది శాసించింది.

టిమొతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 వరకు రాష్ట్రాలు చేసిన సవరణలను కార్మికుల వైపు మొగ్గినవిగా, యజమానుల వైపు మొగ్గినవిగా విడదీసి చూశారు. మొదటి రకం రాష్ట్రాల్లో నమోదైన ఫ్యాక్టరీల ఉత్పత్తి, ఉపాధి వెనకబడ్డాయని 2004లో వెలువడిన వారి అధ్యయనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌ను అది రెండో రకంలో చేర్చింది. అయితే ఆ లెక్కలోనే గుజరాత్, మహారాష్ట్రలు కార్మిక పక్షానికీ, కేరళ యాజమాన్య పక్షానికీ చేరాయి. పెట్టుబడులు ఎటు వెల్లువెత్తాయో ఎరిగినవారికి ఇది విడ్డూరంగా తోచక మానదు. ఆదిత్య భట్టాచార్జీ వంటి పండితులు ఆ వర్గీకరణనే గట్టిగా తప్పుపట్టారు.

కాగితం మీది చట్టం ఫ్యాక్టరీ లోపలికి వచ్చేసరికి చాలాచోట్ల పలచబడుతుంది. ఒకే యంత్రం దగ్గర పక్కపక్కన నిలబడి పనిచేసే ఇద్దరిలో ఒకరి గుర్తింపు కార్డు మీద కంపెనీ పేరు, రెండోవారి కార్డు మీద కాంట్రాక్టరు పేరు ఉంటాయి. ఆర్డర్లు తగ్గిన నెలలో రెండోవారిని రావద్దనడానికి కంపెనీ ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. కఠినమైన చట్టానికి జడిసి యాజమాన్యం ఊరు మార్చడం కన్నా ఇలా మనిషి హోదాను మార్చడమే తేలిక, ఆ భారమంతా మోసేది ఆ రెండో మనిషే.

తిరుపతి జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పారిశ్రామికవాడ శ్రీసిటీని చూస్తే, స్థల నిర్ణయంలో కార్మిక చట్టానిది చిన్న పాత్రేనన్న సంగతి మరింత తేటపడుతుంది. బెస్లీ, బర్జెస్‌ల పట్టికలో ఉభయ రాష్ట్రాలదీ ఒకే వర్గం కాబట్టి, కంపెనీలు సరిహద్దుకు ఆంధ్ర వైపే దిగడానికి కార్మిక చట్టం కారణమని చెప్పడం కష్టం. ఒకేచోట దొరికిన విశాలమైన భూమి, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రాయితీలు, అందుబాటులో ఉన్న చెన్నై రేవు, ఆ నగరం చుట్టూ ఏళ్ల తరబడి పెరిగిన విడిభాగాల తయారీదారులు - ఇవే ఆ కంపెనీలను రప్పించాయి.

అయినా కేంద్రమూ రాష్ట్రాలూ చట్టాన్ని సడలించడంలోనే పోటీపడుతున్నాయి. 1947 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ అనుమతి పరిమితిని తిరిగి 300కు పెంచింది. రోజువారీ పనివేళలను 10 గంటలదాకా పొడిగించాలని అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. 2023లో తమిళనాడు 12 గంటల పనిదినానికి వీలిచ్చే బిల్లును శాసనసభలో ఆమోదించి, కార్మిక సంఘాల నిరసనతో కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. అలా వెనక్కి తీసుకున్నందువల్ల చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలేమీ ఖాళీ కాలేదు.