ఇసుక పొదిగే గుడ్లు

గుడ్లు పెట్టిన తల్లి వాటి మీద ఒక్క పూటైనా కూర్చోకుండా వెళ్లిపోతే, ఆ గుడ్లు పిల్లలెలా అవుతాయి? విశాఖపట్నం తీరంలో ఏటా శీతాకాలం చివరి నుంచి ఎండలు ముదిరేదాకా ఇదే జరుగుతుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి, తెల్లారేలోగా సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ ఆ గూటి ముఖం చూడవు. అక్కడి నుంచి ఆ గుడ్ల బాధ్యతంతా ఇసుకదే.

పొదగడమంటే ఏమిటి?

పొదగడం అనగానే మనకు గుర్తొచ్చేది కోడిపెట్ట. పొదుగు మీదున్న పెట్టకు పొట్ట కింద ఈకలు రాలి, చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. ఆ చర్మంలో రక్తప్రసరణ పెరిగి గుడ్లకు వేడి అందుతుంది. ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిస్తే 21 రోజులకు పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఈలోగా పెట్ట రోజుకు చాలాసార్లు గుడ్లను ముక్కుతో దొర్లిస్తుంది. దొర్లించకపోతే పెరుగుతున్న పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోయి చనిపోవచ్చు.

ఇంగ్లీషువాళ్లు దీన్నే ఇంక్యుబేట్ చేయడం అంటారు. ఆ క్రియ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ‘మీద పడుకోవడం’. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరినప్పుడు పక్షి గుడ్ల మీద కూర్చోవడమనే అర్థంతోనే వాడారు. తర్వాత అది చాలా దూరం ప్రయాణించింది. రోగక్రిమి ఒంట్లో చేరినప్పటి నుంచి లక్షణాలు బయటపడేదాకా పట్టే కాలానికీ ఆ పేరే పెట్టారు. 1880 ప్రాంతంలో పారిస్ వైద్యుడు స్టెఫాన్ టార్నియే జంతుప్రదర్శనశాలలో గుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి, నెలలు నిండని పసికందుల కోసం అలాంటి పెట్టె చేయించాడు. ఇప్పుడు ప్రసూతి ఆసుపత్రుల్లో కనిపించే ఇంక్యుబేటర్‌కు అదే మూలం. 1959లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం బటేవియాలో జోసెఫ్ మాన్‌కూసో ఒక ఖాళీ ఫ్యాక్టరీని గదులుగా విడదీసి చిన్న సంస్థలకు అద్దెకిచ్చాడు. అద్దెకొచ్చినవాటిలో కోడిపిల్లల హేచరీ కూడా ఒకటి. కొత్త వ్యాపారాలను పెంచే చోటుకు ఇంక్యుబేటర్ అనే పేరు అలా వచ్చింది. విశాఖలో స్టార్టప్‌ల గురించి మాట్లాడేవాళ్ల నోట వినిపించేది ఆ మాటే.

వీటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒకటే. లోపలి జీవం తనంతట తాను నిలబడేదాకా తగిన వేడి, తేమ, గాలి, రక్షణ బయటి నుంచి అందాలి. అవి అందిస్తే చాలు, ఎవరూ మీద పడుకోవలసిన పని లేదు. సముద్రపు తాబేలు విషయంలో ఈ నాలుగూ ఇసుకే అందిస్తుంది.

గూడు ఎలా కడుతుంది?

ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్లలో చిన్న జాతి. పెద్దది సుమారు 35 నుంచి 45 కిలోల బరువు తూగుతుంది. ఆటుపోట్ల నీరు అందని ఎత్తు చూసుకుని, వెనక కాళ్లతో అడుగున్నర లోతున కూజా ఆకారంలో గుంట తవ్వుతుంది. పైన సన్నటి మెడ, కింద వెడల్పాటి గది. అందులో పింగ్‌పాంగ్ బంతులంత తెల్లటి గుడ్లు వంద పైచిలుకు పెడుతుంది. పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పడినా పగలవు. ఇసుక కప్పాక తన శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ పొట్ట చిప్పతో దాన్ని దిమ్మిస కొడుతుంది. కళ్ల నుంచి నీరు కారుతుంటే అది ఏడుస్తోందని చూసినవాళ్లు అనుకుంటారు. నిజానికి ఒంట్లో పేరుకున్న ఉప్పును అది కళ్ల దగ్గరి గ్రంథుల ద్వారా ఆ నీటి రూపంలో వదిలించుకుంటుంది.

అడుగున్నర లోతుకు ఒక కారణం ఉంది. పైన ఇసుక మధ్యాహ్నం కాళ్లు కాలేటంత వేడెక్కుతుంది, రాత్రికి చల్లబడుతుంది. కిందికి పోయేకొద్దీ ఆ హెచ్చుతగ్గులు తగ్గి, గుడ్లున్న చోట ఉష్ణోగ్రత దాదాపు నిలకడగా ఉంటుంది. తేమ ఆరిపోదు. ఇసుక రేణువుల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది. పిండాలు పెంకులోని సూక్ష్మరంధ్రాల గుండా ఊపిరి తీసుకుంటాయి కాబట్టి గూటిలోకి సముద్రపు నీరు చేరి నిలిస్తే ఊపిరాడక చనిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి ఇసుక వేడిని బట్టి 45 నుంచి 60 రోజులు పడుతుంది.

ఆడో మగో చెప్పేది వేడి

మనిషిలో ఆడా మగా అన్నది గర్భం నిలిచిన క్షణంలోనే క్రోమోజోములు తేల్చేస్తాయి. తాబేలు గుడ్డులో అలా కాదు. పొదుగు కాలంలో మధ్య మూడో వంతు రోజుల్లో గూటి ఉష్ణోగ్రత ఎంత ఉందన్నదే పిల్ల ఆడదో మగదో నిర్ణయిస్తుంది. దాదాపు 29, 30 డిగ్రీల దగ్గర రెండు రకాల పిల్లలూ పుడతాయి. అంతకన్నా చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. 35 డిగ్రీలు దాటి చాలాకాలం ఉంటే పిండాలు బతకడమే కష్టం. వేడి పెరిగితే మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మార్చే ఎంజైమ్ చురుకవడం ఇందులో ముఖ్యమైన భాగం.

సరీసృపాల్లో ఈ సంగతిని మొదట 1966లో సెనెగల్‌లో పనిచేస్తున్న మదెలైన్ షార్నియే ఒక రకం తొండ మీద గమనించింది. మన పొరుగున ఒడిశా తీరపు రిడ్లీ గుడ్ల మీద ఉత్కళ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ప్రియంబదా మొహంతి హెజ్మాది 1980లలో పరిశోధించారు. 2018లో వెలువడిన ఒక పరిశోధన ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లను పరిశీలిస్తే, వయసుకు రాని వాటిలో 99 శాతానికి పైగా ఆడవే అని తేలింది. భూతాపం ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఏమవుతుందిలే అనుకునేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

విశాఖ హేచరీల్లో

మన తీరంలో గూళ్లను అలాగే వదిలేస్తే కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి. అందుకని అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకార యువకులు కలిసి గుడ్లు పెట్టే కాలంలో రాత్రంతా తీరం వెంట గస్తీ తిరుగుతారు. బీచ్‌రోడ్డు నుంచి సాగర్‌నగర్, రుషికొండ మీదుగా భీమిలి వైపు ఇసుక మీద తాబేలు పాకిన జాడ కోసం వెతుకుతారు. జాడ చివర ఇసుక చెదిరిన చోట చేత్తో మెల్లగా తవ్వితే గుడ్లు తగులుతాయి.

ఇక్కడే కోడిగుడ్డుకూ తాబేలు గుడ్డుకూ ఉన్న పెద్ద తేడా బయటపడుతుంది. కోడిగుడ్డును దొర్లించకపోతే ప్రమాదం, తాబేలు గుడ్డును దొర్లిస్తే ప్రమాదం. తల్లి కడుపులో ఆక్సిజన్ తక్కువగా ఉండటం వల్ల ఆగి ఉన్న పిండం, గుడ్డు బయటపడ్డ కొద్ది గంటల్లో మళ్లీ పెరగడం మొదలుపెట్టి, పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తలకిందులైతే పిండం తెగిపోతుంది. అందుకే గుడ్లను దొరికిన వెంటనే, పైవైపు పైకే ఉండేలా ఒక్కొక్కటిగా తీసి, తడి ఇసుకతో పాటు హేచరీకి తీసుకెళ్లాలి. అక్కడ తల్లి తవ్వినంత లోతునే, అదే ఆకారంలో గుంట తీసి పూడుస్తారు. గుడ్ల సంఖ్య, తేదీ రాసిన గుర్తు పాతి, చుట్టూ వల కడతారు. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో నీడ కల్పించడం కూడా అవసరమే. హేచరీ మొత్తం మండే ఎండలో ఉంటే పుట్టేవన్నీ ఆడవే అయ్యే ప్రమాదముంది.

గడువు దగ్గరపడ్డాక పిల్లలు ముక్కు మీదున్న చిన్న మొనతో పెంకు చీలుస్తాయి. ఒంటరిగా పైకి రావడం పిల్లకు చాలా కష్టం. అన్నీ కలిసి కదులుతూ, పైనుంచి రాలిన ఇసుకను కిందికి తొక్కుకుంటూ రెండు మూడు రోజుల్లో పైకి వస్తాయి. పై ఇసుక వేడిగా ఉంటే ఆగి, రాత్రి చల్లబడ్డాక ఒక్కసారిగా బయటపడతాయి. సముద్రం ఎటుందో వాటికి చెప్పేది వెలుగు. మామూలుగా రాత్రిపూట నేల వైపు చీకటి, నీటి వైపు నక్షత్రాల వెలుగు పడి కాస్త మెరుపు ఉంటుంది. విశాఖలో అది తలకిందులైంది. బీచ్‌రోడ్డు దీపాలు, హోటళ్ల వెలుగులు, అప్పికొండ వైపు ఉక్కు కర్మాగారం, గంగవరం పోర్టు కాంతులు పిల్లలను రోడ్డు వైపు లాగుతాయి. హేచరీవారు పిల్లలను నీటికి కాస్త ఎడంగా వదిలి, తమంతట తాము నడిచి కెరటాల్లోకి వెళ్లనిస్తారు. వేల పిల్లల్లో పెద్దయ్యి గుడ్లు పెట్టే వయసుకు చేరేవి చాలా కొద్ది.

ఇసుక ఉంటేనే

పొదిగేది ఇసుకే అయినప్పుడు ఇసుక పోతే ఏం మిగులుతుంది? మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. 1933లో ప్రారంభమైన విశాఖ పోర్టు, ఆ తర్వాత వచ్చిన ఔటర్ హార్బర్ రాతికట్టలు ఆ దారికి అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేస్తుంటే ఉత్తరాన రామకృష్ణా బీచ్ కోతకు గురవుతోంది. అందుకే పోర్టు పూడిక తీసిన ఇసుకను బీచ్ మీదికి పంపుతూ ఉంటారు. కోతకు నిలువుగా తెగిన ఒడ్డును తాబేలు ఎక్కలేదు. ఎక్కి గుడ్లు పెట్టినా, గూటిని నీరు ముంచేస్తుంది.

ఇంకో గండం ట్రాలర్ వలలు. తాబేలు గాలి పీల్చే జీవి, నీటి కింద వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన తీరానికి కొట్టుకొచ్చే కళేబరాల్లో ఇలా చిక్కి చచ్చినవి చాలా ఉంటాయి. దీనికి పరిష్కారం ఉంది. వలలోకి దూరిన తాబేలు తప్పించుకునే దారి వదిలే టెడ్ పరికరాన్ని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ, సిఫ్ట్, రూపొందించింది. ఆ సంస్థకు విశాఖలోనే పరిశోధన కేంద్రం ఉంది. టెడ్ లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యలను అమెరికా 2019 నుంచి మన దేశం నుంచి తీసుకోవడం మానేసింది. ఈ పరికరం అమరిస్తే తాబేలుతో పాటు మత్స్యకారుడి బతుకూ నిలుస్తుంది.

ఆలివ్ రిడ్లీకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పులితో సమానమైన రక్షణ ఉంది. కానీ చట్టం రాత్రిపూట తీరం మీద కాపలా కాయలేదు. జనవరి నుంచి మే దాకా బీచ్‌కు వెళ్లేవారు కెరటాల దగ్గర టార్చి, సెల్‌ఫోన్ లైట్లు వేయకండి. ఇసుక మీదికి వాహనాలు తోలకండి. పాకిన జాడ కనిపిస్తే తవ్వకుండా అటవీశాఖకు చెప్పండి. తీరం వెంట ఇళ్లు, హోటళ్లు ఉన్నవారు సముద్రం వైపు పడే దీపాలను ఆ నాలుగైదు నెలలు తగ్గించుకోండి. ఈ తీరంలో ఇసుకను, చీకటిని కాపాడుకోవడం విశాఖవాసులుగా మన పని.